అప్‌డేట్: తాడ్వాయి దాటి బడికి బహుమతులు ఇచ్చొచ్చాం

ములుగు జిల్లా తాడ్వాయి అవతల అడవిలో ఉన్న ప్రైమరీ స్కూలుకు బహుమతులు పట్టుకుని ఎట్లా పోవాలని పోయిన నెల అడిగాను కదా, పనైపోయింది. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

హన్మకొండలో ఏటూరునాగారం బస్సెక్కమన్న సలహానే పనికొచ్చింది. ములుగు, పస్రా మీదుగా 163వ జాతీయ రహదారిలోనే పోతుంది. తాడ్వాయిలో దిగితే హెడ్మాస్టరు సారు బండి మీదొచ్చి తీసుకుపోయారు. కారు కిరాయికి తీసుకోవాలేమోనని పడ్డ గొడవంతా ఉత్తదే. మేడారం జాతర రోజులు కావు, రద్దీ కూడా లేదు.

బహుమతులుగా షీల్డులు వద్దన్నవాళ్లకు దండం. స్కెచ్ పెన్నులిస్తే రెండో తరగతి పాప అక్కడే డబ్బా విప్పి, 12 పెన్నులూ రెండుసార్లు లెక్కపెట్టి గౌను కింద దాచుకుంది. ప్రైజు రానోళ్లకు పెన్సిళ్లు తీసుకెళ్లకపోతే నా మొహం చెల్లేది కాదు. పట్టుకెళ్లిన మైకు మాత్రం దండగ బరువు, ఉన్నది 23 మంది పిల్లలే.