అప్‌డేట్: సొమాటిక్ థెరపీ మొదలుపెట్టి నాలుగు నెలలైంది

యాక్సిడెంట్ అయి మూడేళ్ళైనా బ్రేక్ సౌండ్ వింటే చాలు ఒళ్ళు బిగుసుకుపోతోంది, ఏడాది మాట్లాడే థెరపీకి వెళ్ళినా అది తగ్గలేదు, శరీరంతో చేసే థెరపీ పనిచేస్తుందా అని అడిగా కదా, అది నేనే. రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

సైకాలజిస్ట్ పీటర్ లెవిన్ డెవలప్ చేసిన సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ అనే, ఒంట్లో కలిగే స్పందనల మీద ధ్యాసపెట్టే థెరపీ నేర్చుకున్న థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నా. మొదటి మూడు సెషన్లు యాక్సిడెంట్ ఊసే ఎత్తలేదు, పాదాలు నేలకి ఎలా ఆనుతున్నాయి, ఒంట్లో ఎక్కడ హాయిగా ఉంది, ఇవే అడిగారు, టైమ్ వేస్ట్ అనుకున్నా. తర్వాత అర్థమైంది, ఆ ఆసరా లేకుండా జ్ఞాపకంలోకి దిగితే మళ్ళీ అదే భయంలో మునిగిపోతాం. ఇప్పుడు కొంచెం కొంచెంగా గుర్తుచేసుకుంటా, దవడ బిగుసుకోగానే ఆపించి ధ్యాస పాదాల మీదకి తెప్పిస్తారు, మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. ఆరో సెషన్లో బ్రేక్ తొక్కుతున్నట్టు కుడికాలు దానంతటదే వణికింది, నేను భయపడిపోతే ఆవిడ "ఆపకండి, వణకనివ్వండి" అన్నారు, కాసేపటికి పెద్ద ఊపిరి వచ్చి ఏడ్చేశా.

పూర్తిగా నయమైందని చెప్పను. ఇంకా ఉలిక్కిపడతా, కానీ ముందు గంట పట్టేది, ఇప్పుడు ఊపిరి నెమ్మదిగా పొడుగ్గా వదులుతూ ఉంటే ఐదు నిమిషాల్లో తేరుకుంటున్నా.

ఒక్కటి మాత్రం, వీడియోలు చూసి ఒంటరిగా పాత జ్ఞాపకాలు తవ్వొద్దు ప్లీజ్, నేను తవ్వా, రెండు రాత్రులు నిద్రలేదు. ఈఎండీఆర్ (చేదు జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించే థెరపీ) గురించి అడిగినవాళ్ళకి, 2013 డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్స్‌లో పీటీఎస్‌డీకి (యాక్సిడెంట్ లాంటి భయానక అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్య) సూచించిన వాటిల్లో అదీ ఉంది, నేను చేయించుకుంటున్న దీనికంటే దానిమీద రీసెర్చ్ ఎక్కువ. వచ్చేవారం అక్క పక్కన కూర్చుంటే డ్రైవింగ్ సీట్లో కూర్చుని ఇంజన్ ఆన్ చేస్తా, అంతవరకే.