అప్‌డేట్: 1966 థండర్‌బర్డ్ వెనక ఇండికేటర్లు మళ్లీ పరుగెడుతున్నాయి

మూడు వారాల కిందట అడిగాను: మిషిగన్‌లో కొన్న 66 ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు హార్డ్‌టాప్ (పైకప్పు తీయలేని) మోడల్‌లో ఏ వైపు ఇండికేటర్ వేసినా వెనక ఆ వైపు ఉన్న మూడు బల్బుల్లో లోపలిది ఒక్కటే వెలిగి ఆగిపోతోంది, మిగతా రెండూ వరసగా వెలగట్లేదు అని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

"ఇండికేటర్ వేశాక డిక్కీలోంచి గిర్రుమనే చప్పుడు వస్తోందా?" అని ఒకరు అడిగారు చూడండి, అసలు సంగతి అదే. రావట్లేదు. ఈ బండిలో (65లోనూ అంతే) బల్బుల్ని వరసగా వెలిగించేది డిక్కీలో ఉండే చిన్న మోటారు. అది తిరుగుతూ కామ్‌లతో (మిట్టలున్న చిన్న చక్రాలతో) కాంటాక్టుల్ని ఒక్కొక్కటిగా కలుపుతుంది. పాత కార్ల మెకానిక్ ఆ మోటారు పెట్టె విప్పితే గ్రీజు లక్కలా గట్టిపడి మోటారు బిగుసుకుపోయింది, కాంటాక్టులు నల్లబడ్డాయి. కడిగి, రుద్ది, కొత్త గ్రీజు పెట్టాడు. అంతే.

నేను ముందే మార్చిన ఫ్లాషర్ (ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే చిన్న భాగం) డబ్బు దండగ. స్టీరింగ్ దగ్గరి స్విచ్ బాగానే ఉంది, ఎర్త్ వైర్లూ అంతే.

మోటారు బదులు ఎలక్ట్రానిక్ పెట్టె వేసేయమన్నారు కొందరు. అంత తొందరగా పాడవదు, నిజమే. కానీ ఆ గిర్రుమనే చప్పుడు పోతే ఈ కారు కొని ఏం లాభం? 67 నుంచి హెడ్‌లైట్లు దాచేసి, నాలుగు తలుపుల మోడల్ కూడా తెచ్చి, కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేసే మోడల్) ఎత్తేశారు. అందుకే 66 కన్వర్టిబుల్ కోసం జనం వెంటపడతారు. మాది హార్డ్‌టాపే లెండి, అమ్మే ఉద్దేశమూ లేదు.