ముందు చక్రం బేరింగ్ మార్పించడంపై సలహా కావాలి
హైదరాబాద్‌లో నడుపుతున్న మా పాత పెట్రోల్ కారు వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటగానే ముందు ఎడమవైపు నుంచి హోరు వినిపిస్తోంది. కుడికి మలుపు తీసుకున్నప్పుడు, అంటే బరువు ఎడమ చక్రంపై పడినప్పుడు, అది పెరుగుతోంది కనుక అరిగింది ఎడమ బేరింగేనని భావిస్తున్నాను. టైర్లు అటూఇటూ మార్చినా తేడా రాలేదు. మా వీధి మెకానిక్ గారు నకిల్ (బేరింగ్ కూర్చునే ఇనుప భాగం) విప్పకుండానే కొత్త బేరింగ్‌ను సుత్తితో కొట్టి ఎక్కిస్తానంటున్నారు. ఆ దెబ్బలకు లోపలి బాల్స్, రేసులు (బాల్స్ తిరిగే ఉక్కు వలయాలు) మొదటి రోజే పాడవుతాయి కదా, నాకైతే ఆ పద్ధతి రుచించలేదు. రాణిగంజ్ పరిసరాల్లో హైడ్రాలిక్ ప్రెస్‌తో ఈ పని చేసే వర్క్‌షాపు ఎవరికైనా తెలుసా? కొత్త బేరింగ్‌లో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సార్ వైపు ఉండాల్సిన అయస్కాంత వలయాన్ని బిగించే ముందే ఎలా గుర్తించాలో, పాత రేసు, చక్రాన్ని బిగించే మధ్య భాగమైన హబ్‌కే అంటుకుని వస్తే హబ్‌ను కూడా మార్చాలో లేదో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.