చిన్న ఊరి బేస్‌బాల్ పార్కు: ఇన్‌ఫీల్డ్‌లో నీళ్లు, గడ్డి అంచున గట్టు, సీజన్ నెత్తిమీదికొచ్చింది (ఫోరం చర్చ: ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

రెండో బేసు
అందరికీ నమస్తే. డాలస్‌కి ఉత్తరాన చిన్న ఊరు మాది. ఊరంతటికీ ఒకటే పార్కు, 60 అడుగుల బేసుల గ్రౌండ్లు రెండు. టీ బాల్ (స్టాండు మీద పెట్టిన బంతిని కొట్టే చిన్నపిల్లల ఆట) నుంచి మేజర్స్ (12 ఏళ్ల దాకా పెద్ద పిల్లలు) దాకా లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) టీములన్నీ వాటిమీదే ఆడాలి. గడ్డి కోయడం వరకే టౌను వాళ్ల పని. మట్టి పనంతా వాలంటీర్లది, అందులో మన తెలుగు పేరెంట్సే ఎక్కువ. మార్చి మొదట్లో ఓపెనింగ్ డే.
మూడు విషయాల్లో సలహా కావాలి. ఒకటి, వాన పడితే హోమ్ ప్లేటు (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గర, సెకండ్ బేసు వెనక నీళ్లు రెండు రోజులు ఇంకట్లేదు. రెండు, ఇన్‌ఫీల్డ్ (బేసుల చుట్టూ ఉండే భాగం) మట్టి ఔట్‌ఫీల్డ్ (దాని వెనక భాగం) గడ్డిని కలిసే చోట గట్టు లేచింది, గ్రౌండర్ (నేల మీద దొర్లుకొచ్చే బంతి) దానికి తగిలి పిల్లల మొహాల మీదికి ఎగురుతోంది. మూడు, ఉన్న కాస్త డబ్బుతో డ్రయింగ్ ఏజెంట్ (తడి పీల్చే గింజల మట్టి), లైనింగ్ చాక్ (గీతలు గీసే పొడి), మౌండ్ క్లే (బంతి విసిరే పిచర్ నిలబడే దిబ్బకి వేసే బంకమట్టి), వీటిలో ముందు ఏది కొనాలి?

మట్టి పని
వాన ఆగగానే ఎవరో ఒకరు చీపురు తెచ్చి నీళ్లని గడ్డిలోకి తోస్తారు. ముందు అది మాన్పించండి. నీళ్లతో పాటు మెత్తటి మట్టి కొట్టుకుపోతుంది, గుంట ఇంకా లోతవుతుంది, వచ్చే వానకి ఇంకాస్త ఎక్కువ నీళ్లు నిలుస్తాయి.
గుంట మధ్యలో మగ్గు పట్టేంత గొయ్యి తీసి ఆ మట్టి పక్కన పెట్టండి. చుట్టూ ఉన్న నీళ్లు అందులోకి దిగుతాయి. తోడి బకెట్లో పోయండి, చివరి తడి స్పాంజితో అద్దండి, గొయ్యి అదే మట్టితో పూడ్చండి. అప్పుడు డ్రయింగ్ ఏజెంట్ పల్చగా చల్లి, పావుగంట వదిలేసి, రేక్‌తో పైన అర అంగుళంలో కలపండి. నిలిచిన నీళ్లలో సంచులు కుమ్మరిస్తే డబ్బంతా బురదపాలు.
అసలు రోగం వాలు లేకపోవడం. ఇన్‌ఫీల్డ్‌కి 100 అడుగులకి 6 నుంచి 12 అంగుళాల వాలుండాలి. తాడు, లైన్ లెవెల్ (తాడుకి తగిలించే రసమట్టం) ఉంటే చూసేయొచ్చు. పల్లం నింపాలంటే 1000 చదరపు అడుగులు ఒక అంగుళం లేపడానికి 3 క్యూబిక్ గజాల పైనే మట్టి పడుతుంది. ఇసుక 60 నుంచి 70 శాతం, మిగతాది సిల్ట్ (సన్న ఒండ్రుమట్టి), క్లే ఉన్న ఇన్‌ఫీల్డ్ మిక్స్ అడగండి. పాత మట్టిని అంగుళం లోతు గీరి, కొద్దిగా తడిపి, కొత్తది దాంట్లో కలపాలి. ఊరికే పైన పోస్తే పొర కింద పొర విడిపోయి పెచ్చులు లేస్తుంది. ఇంకో మాట, మీ దగ్గర అడుగున ఉన్నది మన నల్లరేగడి లాంటి మట్టి. తడికి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. టిల్లర్ లోతుగా దింపి దాన్ని పైకి తెచ్చుకోకండి.

ఓరుగల్లు లెఫ్టీ
డ్రయింగ్ ఏజెంట్ 50 పౌండ్ల సంచి ధర చూశారా? పిల్లుల కోసం అమ్మే లిటర్ కూడా మట్టే, చవక, నీళ్లు బాగా పీలుస్తుంది. చాక్ కూడా కొనక్కర్లేదు. సున్నం సంచి తెచ్చుకోండి. మన స్కూళ్లలో కబడ్డీ కోర్టు, రన్నింగ్ ట్రాకు అన్నీ సున్నంతోనే గీసేవారు, ఎవరికీ ఏమీ కాలేదు.

స్కోర్‌బుక్ అమ్మ
లెఫ్టీ గారూ, సున్నం మాట దయచేసి ఇక్కడ ఎవరికీ చెప్పకండి. ఘాటు సున్నం వాడకూడదని లిటిల్ లీగ్ రూల్ బుక్‌లోనే ఉంది. పొడి సున్నం చెమటకి తగిలితే చర్మం కాలుతుంది. ఫౌల్ లైను (ఆటస్థలం పక్క హద్దు గీత) మీద స్లైడ్ చేసిన పిల్లాడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కంట్లో పడితే నలపనివ్వకుండా వెంటనే ధారగా నీళ్లు, కనీసం 15 నిమిషాలు, ఆపకుండా అక్కడి నుంచే ఎమర్జెన్సీకి ఫోన్ చేయించాలి. నాలుగు డాలర్లు మిగులుతాయని ఈ పని చేస్తామా?

ఓరుగల్లు లెఫ్టీ
అమ్మా, కోపం ఎందుకు? పచ్చిక మీద చల్లే సున్నం ప్రతి హార్డ్‌వేర్ షాపులోనూ ఉంది, ఇంటిముందు పిల్లలు దాని మీదే ఆడుతున్నారు. అదీ విషమేనా?

మట్టి పని
మీరిద్దరూ వేర్వేరు సంచుల గురించి మాట్లాడుతున్నారు. సంచి వెనక కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అది సున్నపురాయి పొడి, లైనింగ్ చాక్ కూడా అదే, వాడొచ్చు. కాల్షియం హైడ్రాక్సైడ్ అనో, హైడ్రేటెడ్ అనో ఉంటే కాల్చే సున్నం, పార్కు షెడ్డులోకి కూడా రానివ్వద్దు. రెండూ తెల్లగానే ఉంటాయి, కాబట్టి చదవకుండా లైనింగ్ మెషీన్‌లో పోయొద్దు.
పిల్లి లిటర్ మాత్రం ఏ రకంగానూ కుదరదు. గడ్డకట్టే రకంలో ఉండేది బెంటోనైట్, తడికి జిగురవుతుంది, షూ జారుతుంది. గడ్డకట్టని రకం నాలుగు రోజుల్లో నలిగి బురదవుతుంది. గ్రౌండుకి వాడేది బాగా ఎక్కువ వేడిలో కాల్చిన మట్టి. నీళ్లు పీల్చినా గింజ గింజగానే ఉంటుంది, ఎండాక మళ్లీ పీలుస్తుంది. అందుకే ఆ ధర.

నెల్లూరు కోచ్
మట్టి, సున్నం సరే. అసలు చూడాల్సింది మౌండ్. నేను పిచింగ్ కోచ్‌ని, చిన్న ఊళ్ల మౌండ్లు దూరం నుంచే గుర్తుపడతాను, అన్నీ చదునే. మౌండ్ 10 అంగుళాలు ఉండాలి, రబ్బరు (పిచర్ కాలు ఆనించే పలక) ముందు నుంచి అడుగుకి అంగుళం చొప్పున దిగాలి. అలా ఉంటేనే బంతి కిందికి దిగుతుంది. మీ క్లే డబ్బంతా అక్కడ పెట్టండి.

అంపైర్ బావ
కోచ్ గారూ, 10 అంగుళాలు 60 అడుగుల 6 అంగుళాల దూరానికి, అంటే పెద్దవాళ్లకి. మేజర్స్ పిల్లలు 46 అడుగుల నుంచి వేస్తారు, అక్కడ రబ్బరు హోమ్ ప్లేటు కంటే 6 అంగుళాలే ఎత్తు. 46 అడుగులు కొలవాల్సింది ప్లేటు వెనక మొన నుంచి రబ్బరు ముందు అంచు దాకా. చాలా పార్కుల్లో ప్లేటు ముందు అంచు నుంచి కొలిచేస్తున్నారు, 17 అంగుళాలు తేడా వచ్చేస్తుంది. బేసులూ అంతే. హోమ్ మొన నుంచి సెకండ్ బేసు మధ్యకి 84 అడుగుల 10 అంగుళాల పావు రావాలి. రాకపోతే ఫస్ట్, థర్డ్ ఎంత బాగా కొలిచినా డైమండ్ వంకరే.

నెల్లూరు కోచ్
6 అంగుళాల దిబ్బ మీద వేసి వేసి పిల్లల చేతులు ఎలా తయారవుతాయి? దానికి తోడు మీ పిచ్ కౌంట్లు (ఒక పిల్లాడు రోజుకి వేయగల బంతుల పరిమితి). పిల్లాడు మంచి ఊపులో ఉన్నప్పుడు క్లిక్కర్ చూపించి దించేస్తారు. బలం వేస్తూ ఉంటేనే వస్తుంది.

స్కోర్‌బుక్ అమ్మ
ఈ మాట వల్లే పిల్లలు మోచేతికి సర్జరీల దాకా వెళ్తున్నారు. కౌంట్ ఎవరి ఇష్టాయిష్టాల మీదా లేదు: 7–8 ఏళ్లకి రోజుకి 50, 9–10కి 75, 11–12కి 85. పరిమితి దాటినా ఎదురుగా ఉన్న బ్యాటర్ అయ్యేదాకా వేయనిస్తారు, అంతే. 14 లోపు పిల్లలు 21 నుంచి 35 వేస్తే ఒక రోజు విశ్రాంతి, 36–50కి రెండు, 51–65కి మూడు, 66 దాటితే నాలుగు. 41 లేదా అంతకన్నా ఎక్కువ వేసినవాడు ఆ రోజు క్యాచింగ్ (ప్లేటు వెనక కూర్చుని పిచర్ బంతులు పట్టడం) చేయకూడదు. నాలుగు ఇన్నింగ్స్ క్యాచింగ్ చేసినవాడు ఆ రోజు పిచింగ్ చేయకూడదు. చాలా టీములు తప్పేది ఈ క్యాచర్ రూల్ దగ్గరే. ప్రతి ఇన్నింగ్స్ చివర రెండు స్కోర్‌బుక్కులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూసుకోవాలి. ఆట అయ్యాక తేల్చుకుందామంటే గొడవే.

గోదారి బౌలర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. రెండో బేసు గారూ, ఆ రెండు ఔట్‌ఫీల్డ్‌లు కలిసే చోట 22 గజాలు క్రికెట్ మ్యాటింగ్ పరుచుకోనిస్తారా? ఆదివారం ఆడటానికి మన టీములకి చోటు లేదు. డాలస్ పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో బేస్‌బాల్ స్టేడియాన్నే క్రికెట్ స్టేడియం చేశారు, 2024 టీ20 ప్రపంచ కప్ మ్యాచులు కొన్ని అక్కడే జరిగాయి. నార్త్ కరోలినా మోరిస్‌విల్‌లో టౌనే చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ గ్రౌండు కట్టింది. ఈ ఊరివాళ్లకి ఔట్‌ఫీల్డ్ ఇవ్వడానికి ఏం కష్టం?

అంపైర్ బావ
కష్టం మేకులు. మ్యాటింగ్‌కి కొట్టిన మేకు ఒక్కటి గడ్డిలో మిగిలినా మోవర్ బ్లేడు దాన్ని విసిరేస్తుంది, లేదా తొమ్మిదేళ్ల పిల్లాడు దానిమీద డైవ్ చేస్తాడు. బౌలర్లు పరిగెత్తే దారి నెలలో బట్టతలవుతుంది. అదే చోట సెంటర్ ఫీల్డర్ నిలబడాలి. పక్క గ్రౌండులో టీ బాల్ నడుస్తుంటే ఇటు లెదర్ బంతి సిక్సర్లా? మీరు చెప్పిన రెండు చోట్లా క్రికెట్‌కి వేరే గ్రౌండు ఉంది, పిల్లల ఔట్‌ఫీల్డ్ లాక్కోలేదు.

గోదారి బౌలర్
లాక్కోవడం అనే మాట వాపసు తీసుకోండి. మేమూ ఇదే ఊళ్లో పన్ను కడుతున్నాం. మేకులు లెక్కపెట్టి కొట్టి, లెక్కపెట్టి పీకి, చివర్లో మాగ్నెట్ స్వీపర్ తోలే టీములు బోలెడు. మేకుల తలలకి ఎర్ర రంగు వేస్తే గడ్డిలోనూ కనబడతాయి.

మట్టి పని
ముందు పార్క్స్ డిపార్ట్‌మెంట్ అడిగేది లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారమిచ్చే బీమా) సర్టిఫికెట్, దాంట్లో టౌను పేరు చేర్చి ఉండాలి. అది చేతిలో పెట్టుకుని, పిల్లల షెడ్యూల్‌లో ఖాళీ ఉన్న వారాలే రాసి ఇవ్వండి. ఇక్కడ వాదించి లాభం లేదు.

రెండో బేసు
అన్నలారా, అక్కలారా, గట్టు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. పిల్లలకి దెబ్బ తగిలేది అక్కడే.

బెర్ముడా
మీ రెండో ప్రశ్నలోనే మొదటి ప్రశ్నకి సగం జవాబుంది. సెకండ్ వెనక నీళ్లు ఔట్‌ఫీల్డ్‌లోకి జారిపోవాలి, ఆ గట్టు ఆనకట్టలా ఆపేస్తోంది. మీరు ఎంత మట్టి పోసినా గట్టు తీయందే నీళ్లు పోవు.
అది ఎలా పెరుగుతుందంటే, డ్రాగ్‌ని (మట్టి చదును చేయడానికి లాగే ఇనుప వలని) గడ్డి అంచుదాకా లాగడం వల్ల. ప్రతిసారీ చిటికెడు మట్టి గడ్డి మొదళ్లలో పడుతుంది, గడ్డి దాని పైకి ఎదుగుతుంది, మళ్లీ మట్టి. డ్రాగ్ అంచుకి అడుగు దూరంలోనే తిప్పాలి, మిగిలిన అడుగు చేతి రేక్‌తో, అంచు వెంబడే. నడక వేగంతోనే లాగాలి. మొదలుపెట్టే చోటు, ఆపే చోటు రోజూ మార్చాలి. ఆపాక డ్రాగ్ కింద మిగిలిన కుప్పని పారతో పల్లంలో వేయాలి, అక్కడే వదిలేయకూడదు.
ఇప్పుడున్న గట్టు అర అంగుళం లోపైతే గట్టి చీపురుతో గడ్డికి ఎదురుగా, మట్టి వైపుకి ఊడ్చండి. తర్వాత గొట్టానికి సన్న నాజిల్ పెట్టి గడ్డి మొదళ్లలోంచి మట్టిని వెనక్కి కడగండి. అంగుళం దాటితే సాడ్ కట్టర్ (పచ్చికని వేళ్లతో సహా కోసే యంత్రం) అద్దెకి తెచ్చి, అంచు వెంబడి అడుగున్నర వెడల్పు పచ్చిక చుట్టలా లేపి, కింద పేరుకున్న మట్టి తీసి, తాడు కట్టి లెవెల్ చూసి, అదే పచ్చిక మళ్లీ పరిచి రోలర్ తోలాలి. మార్చి మొదట్లో బెర్ముడా గడ్డి ఇంకా నిద్రలోనే ఉంటుంది. ఓపెనింగ్ డేకి కడిగి సరిపెట్టుకోండి, కోత జూన్‌లో పెట్టుకోండి. అప్పుడు రెండు మూడు వారాల్లో వేరు పట్టేస్తుంది.
కొనే వరస: ముందు మౌండ్ క్లే, తర్వాత చాక్, మిగిలితేనే డ్రయింగ్ ఏజెంట్. పిచర్ కాలు దిగే గుంటలో మామూలు ఇన్‌ఫీల్డ్ మట్టి వేస్తే రెండో ఇన్నింగ్స్‌కే లేచిపోతుంది. వదులు మట్టి తీసేసి, అడుగు తడి చేసి, క్లే అంగుళం చొప్పున వేస్తూ దిమ్మిసతో కొట్టండి. దిమ్మిసకి పాత తువ్వాలు చుడితే అంటుకోదు. ఆట అవగానే టార్పాలిన్ కప్పాలి, కప్పకపోతే క్లే ఎండి పగులుతుంది.

రెండో బేసు
బెర్ముడా గారూ, ఇదే కావాల్సింది. గోదారి బౌలర్ గారూ, మీ టీములోంచి నలుగురు శనివారం గట్టు కడగడానికి వస్తే, పర్మిట్ విషయం టౌను మీటింగులో నేనే లేవనెత్తుతాను.

గోదారి బౌలర్
ఆరుగురం వస్తాం. చీపుళ్లు మేమే తెస్తాం. సర్టిఫికెట్ కూడా తెస్తాం, మేకుల మాట ఇంకెవరూ ఎత్తొద్దు.

ఓరుగల్లు లెఫ్టీ
డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) వెనక ఎర్ర చీమల పుట్టలు ఉన్నాయా? ఫైర్ యాంట్స్‌కి వేడినీళ్లు పోస్తే చాలు.

బెర్ముడా
వేడినీళ్లు ఆ పుట్టని కొట్టినా పక్కనే ఇంకోటి లేస్తుంది, గడ్డి మాడుతుంది. ఎర గుళికలు పార్కంతా చల్లాలి, ఎకరానికి పౌండు నుంచి పౌండున్నర, పుట్ట మీద కుప్పగా కాదు. చల్లేముందు గడ్డిలో ఒక ఆలూ చిప్ పెట్టి చూడండి. అరగంటలో చీమలు ముసిరితే తిండికి తిరుగుతున్నట్టు, అప్పుడే చల్లాలి. వెనకాలే స్ప్రింక్లర్ ఆన్ అయితే ఎర పాడైపోతుంది, టైమర్ ఒక రోజు ఆపించండి. ఎర పనిచేయడానికి వారాలు పడుతుంది కాబట్టి ఓపెనింగ్ డేకి డగౌట్ గుమ్మం దగ్గరున్న పుట్టలకి మాత్రం విడిగా మందు వేయాలి.