బోటు లెక్కల యాప్ అమ్మాలి: పెయిడ్‌గా పెట్టాలా, లోపల అన్‌లాక్ పెట్టాలా?

కంచరపాలెం_కోడ్:
విశాఖ ఫిషింగ్ హార్బర్ బోటు ఓనర్ల కోసం లెక్కల యాప్ సిద్ధంగా ఉంది. ట్రిప్పుకి డీజిలెంత, ఐసెంత, వేలంలో ఎంత పలికింది, సరంగుకీ (బోటు నడిపేవాడికి) కళాసీలకీ (బోటు పనివాళ్లకి) వాటా ఎంత అన్నీ తెలుగులోనే. సముద్రంలో సిగ్నల్ ఉండదు కాబట్టి డేటా మొత్తం ఫోన్‌లోనే ఉంటుంది. ధర 99 రూపాయలు అనుకుంటున్నాం. ప్లే స్టోర్‌లో కొత్తగా పర్సనల్ అకౌంట్ తెరిచాం, ఇండస్ యాప్‌స్టోర్ అనే ఇంకో స్టోర్‌లో కూడా పెడతాం. ముందే చూసుకోవాల్సినవేంటో చెప్పండి.

మద్దిలపాలెం_ఆండ్రాయిడ్:
పెయిడ్ యాప్‌గా పెట్టకండి. డౌన్‌లోడ్ ఫ్రీగా ఇచ్చి, నాలుగైదు ట్రిప్పుల తర్వాత యాప్ లోపలే ఒక్కసారి డబ్బు కట్టి తెరుచుకునే అన్‌లాక్ పెట్టండి. చిక్కు టెస్టింగ్ దగ్గరే మొదలవుతుంది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్లకి క్లోజ్డ్ టెస్ట్ (మీరు ఎంచుకున్నవాళ్లతో పరీక్ష) తప్పనిసరి. కనీసం 12 మంది వరసగా 14 రోజులు టెస్టర్లుగా ఉంటేనే ప్రొడక్షన్‌కి, అంటే అందరికీ విడుదలకి, అప్లై చేయనిస్తారు. పెయిడ్ యాప్ అయితే క్లోజ్డ్ ట్రాక్‌లో టెస్టరు కూడా డబ్బిచ్చి కొనాల్సిందే. టీం లోపలి పరీక్షకి ఉండే ఇంటర్నల్ ట్రాక్‌లో ఉచితమే గానీ అది ఈ 14 రోజుల్లోకి రాదు. పోనీ అప్పటిదాకా ఫ్రీగా పెడదామంటే, ఒకసారి ఫ్రీగా ఇచ్చిన యాప్‌ని మళ్లీ పెయిడ్ చేయనివ్వరు. కొత్త ప్యాకేజీ పేరుతో (స్టోర్ యాప్‌ని గుర్తుపట్టే పేరు) మొదటికి రావాలి.

అన్‌లాక్‌కి ఈ బాధ లేదు. టెస్టర్ల జీమెయిల్స్‌ని లైసెన్స్ టెస్టింగ్ లిస్టులో చేరిస్తే టెస్ట్ కార్డుతో కొంటారు, పైసా కట్ అవదు.

బిల్లింగ్ కోడ్‌లో రెండు చోట్ల జాగ్రత్త. కొన్న మూడు రోజుల్లోపు ఎక్‌నాలెడ్జ్ చేయకపోతే, అంటే కొనుగోలు అందిందని యాప్ తిరిగి చెప్పకపోతే, గూగుల్ దానంతటదే రిఫండ్ ఇచ్చేస్తుంది. ఫీచర్ తెరుచుకుంది కదా అని ఆ ఒక్క లైను మర్చిపోతే అమ్మకాలన్నీ వెనక్కి పోతాయి. రెండోది, యూపీఐలో కట్టినప్పుడు కొనుగోలు కాసేపు పెండింగ్‌లో ఉండొచ్చు. పెండింగ్‌లో అన్‌లాక్ చేయకండి, పర్చేజ్డ్ అయ్యాకే చేయండి. మూడు రోజుల గడువు కూడా అప్పట్నుంచే మొదలవుతుంది. కొన్నట్టు ఫోన్‌లో కూడా రాసిపెట్టుకోవాలి, లేకపోతే నడి సముద్రంలో యాప్ మళ్లీ డబ్బు అడుగుతుంది.

గాజువాక_బిల్డ్:
ఇండస్ సంగతి. ఫోన్‌పే వాళ్లు 2024 ఫిబ్రవరిలో తెచ్చారు, లిస్టింగ్ తెలుగులో పెట్టుకోవచ్చు, పేమెంట్ గేట్‌వే మీ ఇష్టం. ప్లే బిల్లింగ్ (గూగుల్ చెల్లింపుల పద్ధతి) అక్కడ పనికిరాదు, అందుకని వేరే బిల్డ్ ఫ్లేవర్, అంటే అదే యాప్‌కి ఇంకో రూపం, తీయాలి.

అంతకన్నా ముఖ్యం సైనింగ్ కీ, అంటే యాప్ మీదేనని చూపే డిజిటల్ సంతకానికి వాడే తాళం. ప్లేలో మామూలుగా అప్‌లోడ్ చేస్తే గూగులే కీ తయారు చేసి తన దగ్గర ఉంచుకుంటుంది. ఇండస్‌లో పెట్టే ఏపీకేని (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) మీరు మీ కీతో సైన్ చేస్తారు. ప్యాకేజీ పేరు ఒకటే, కీలు వేరు అయితే ఒక స్టోర్ యాప్ మీద ఇంకో స్టోర్ అప్‌డేట్ ఎక్కదు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తేగానీ కుదరదు, చేస్తే మీ డిజైన్‌లో ఓనరు సీజన్ లెక్కలన్నీ గల్లంతు. మొదటి రిలీజ్‌కి ముందే ప్లే యాప్ సైనింగ్‌లో మీ సొంత కీ ఇవ్వండి, రెండు చోట్లా అదే వాడండి. ఆ కీ ఉండే కీస్టోర్ ఫైలు, పాస్‌వర్డ్ రెండు వేర్వేరు చోట్ల దాచండి. లెక్కల్ని ఫైలుగా బయటికి తీసుకునే ఎగుమతి బటన్ కూడా మొదటి వెర్షన్‌లోనే ఉండాలి. అది డబ్బు కట్టినవాళ్లకే అని పెట్టకండి, వాళ్ల లెక్కలు వాళ్లవి.

సీతమ్మధార_లెక్కలు:
డబ్బు వసూలు చేసే పర్సనల్ అకౌంట్ అయితే మీ పూర్తి అడ్రసు స్టోర్ పేజీలో అందరికీ కనిపిస్తుంది. ఇంటి అడ్రసు ఇష్టం లేకపోతే సంస్థ పేరుతో అకౌంట్ తెరవండి. దానికి డన్స్ నంబరు (సంస్థల గుర్తింపు సంఖ్య) కావాలి, ఉచితమే గానీ రావడానికి టైం పడుతుంది. 12 మంది టెస్టర్ల నిబంధన సంస్థ అకౌంట్లకి లేదు.

2021 జులైలో గూగుల్ తెచ్చిన 15 శాతం తగ్గింపు కమీషన్ దానంతటది రాదు, ప్లే కన్సోల్‌లో (డెవలపర్ల పేజీ) అకౌంట్ గ్రూప్ పెట్టి చేరాలి. 99లో 15 శాతం పోతే 84 రూపాయల 15 పైసలు. ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం ద్వారా సేవలు అమ్మేవాళ్లకి మొత్తం టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది. మీ కేసుకి ఆడిటర్‌తో ఖాయం చేసుకోండి.

కంచరపాలెం_కోడ్:
అన్‌లాకే పెడతాం. నెలవారీ సబ్‌స్క్రిప్షన్ ఆలోచన కూడా ఉంది. టెస్టింగేమో వేట నిషేధంలో పెడితే ఓనర్లు ఖాళీగా దొరుకుతారు కదా?

మద్దిలపాలెం_ఆండ్రాయిడ్:
మనుషులు దొరుకుతారు, ట్రిప్పులు ఉండవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మెకనైజ్డ్ బోట్లు కట్టేసే ఉంటాయి. ప్రొడక్షన్‌కి అప్లై చేసేటప్పుడు టెస్టర్లు ఏం వాడారు, ఏం చెప్పారు, మీరేం మార్చారు అని గూగుల్ అడుగుతుంది. ఇన్‌స్టాల్ చేసి వదిలేసినట్టు కనిపిస్తే ఇంకా టెస్ట్ చేయమని తిప్పి పంపిస్తారు. మార్చి లోపు కానివ్వండి, 12 బదులు 18 మందిని పెట్టుకోండి, మధ్యలో ఇద్దరు తప్పుకున్నా లెక్క తెగదు. నెలవారీ మాత్రం వద్దు. బోటు కదలని రెండు నెలలు ఎవరూ కట్టరు, అప్పుడు ఆపినవాళ్లని మళ్లీ తెచ్చుకోవడం కష్టం.