ఫారంలో “కురుసుర”కు పెట్టిన స్టార్లు స్టార్లుగానే మిగులుతున్నాయి

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి):
మా అపార్ట్‌మెంట్ సంఘం తరఫున, ఆదివారం బీచ్ శుభ్రం చేయడానికి అందరినీ రమ్మని ఒక ఆన్‌లైన్ ఫారంలో రాశాను. పెట్టె కింద “మార్క్‌డౌన్ వాడవచ్చు” అని ఉంది (స్టార్ల వంటి గుర్తులు టైప్ చేసి అక్షరాలను బోల్డ్ చేసే పద్ధతి అది). కలుసుకునే చోటును నాలుగు వరుసల్లో టైప్ చేస్తే, పంపిన తరువాత అన్నీ కలిసిపోయి ఒకే వరుసగా వచ్చాయి. అంతకన్నా చిత్రమేమిటంటే, ఉదయం 6 గంటలకు అన్నది చక్కగా బోల్డ్‌లో కనిపిస్తున్నా, ఆ పక్కనే, జలాంతర్గామి మ్యూజియం పేరుతో **“కురుసుర”**కు ఎదురుగా అన్న చోట స్టార్లు అలాగే ఉండిపోయాయి. పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పగలరా?

సీతమ్మధార నుంచి:
వరుసల సంగతి తేలికేనండి. మార్క్‌డౌన్‌లో ఎంటర్ ఒక్కసారి నొక్కితే అది మామూలు స్పేస్‌తో సమానం. కొత్త పేరా కావాలంటే మధ్యలో ఒక వరుస ఖాళీగా వదలాలి. పేరా మారకుండా వరుస మాత్రమే మారాలంటే, వరుస చివర రెండు స్పేసులు గాని ఒక బ్యాక్‌స్లాష్ (\) గాని పెట్టాలి. ఇక స్టార్ల విషయానికి వస్తే, స్టార్‌కూ మాటకూ మధ్య స్పేస్ పడిందేమో చూడండి.

గాజువాక నుంచి:
స్పేస్ కాదండీ, ఇక్కడ చిక్కంతా మన విభక్తితోనే. జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్‌ను విడుదల చేసినప్పుడు ఇంత పట్టింపు లేదు గాని, 2014లో దానిని కచ్చితంగా నిర్వచిస్తూ వచ్చిన కామన్‌మార్క్ నియమాల ప్రకారం, ముగింపు స్టార్లకు ముందు కోట్ వంటి విరామచిహ్నం ఉంటే వాటి తరువాత స్పేస్ గాని మరో విరామచిహ్నం గాని ఉండి తీరాలి, లేకుంటే అవి ముగింపుగా చెల్లవు. ఇంగ్లీషు రాసేవారికి ఆ స్పేస్ ఎలాగూ వస్తుంది. మనమేమో “కు”, “లో”, “ను” అతికించి రాస్తాం. కాబట్టి స్టార్లను కోట్ల లోపలికి జరిపి “**కురుసుర**”కు అని రాయండి. స్టార్ల బదులు అండర్‌స్కోర్లు వాడదామనుకుంటే మాత్రం ఇంకా ఇబ్బంది: కోట్లు లేకపోయినా __బీచ్__లో అన్నది బోల్డ్ కాదు. ఒంటి స్టార్ పెట్టి ఇటాలిక్ చేయడం కూడా నాకు నచ్చదు. చాలా తెలుగు ఫాంట్లకు ఇటాలిక్ లేనందువల్ల బ్రౌజర్ ఉన్న అక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తుంది.

ఎంవీపీ కాలనీ నుంచి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టార్లు లోపలికి జరపగానే కుదిరింది. రెండు స్పేసులు కొడితే నా ఫోన్ కీబోర్డు దానిని ఫుల్‌స్టాప్‌గా మార్చేస్తుండడంతో, చివరికి బ్యాక్‌స్లాషే పెట్టాను.