‘ఎ కపుల్ ఆఫ్’ అంటే లెక్కగా రెండా, రెండు మూడా?

పత్రలేఖిని:
సోమవారం పొద్దున ‘ఐ విల్ సెండ్ ఇట్ ఇన్ ఎ కపుల్ ఆఫ్ డేస్’ అని మెయిల్ వచ్చిందనుకోండి. బుధవారం సాయంత్రం గుర్తు చేయొచ్చా, శుక్రవారం దాకా ఆగాలా? కపుల్ అంటే జంట, కాబట్టి రెండే అని నా వాదన. కొన్ని అనడానికి ‘ఎ ఫ్యూ’ ఉండగా దీన్ని సాగదీయడం ఎందుకు?

ఇంగ్లీషు మాస్టారు:
మీ వాదనకు గట్టి పునాదే ఉంది. లాటిన్‌లో కోపులా అంటే ముడి, బంధం. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంగ్లండులో నక్కల వేట కుక్కలను జతల్లోనే లెక్కపెడతారు. ‘ఫిఫ్టీన్ అండ్ ఎ హాఫ్ కపుల్’ అంటే 31 కుక్కలన్నమాట. ఫిజిక్స్‌లో బలయుగ్మం అంటున్నామే, అదీ కపులే: పరిమాణంలో సమానంగా, దిశలో వ్యతిరేకంగా ఉండే రెండు సమాంతర బలాలు. మూడోదానికి అక్కడ చోటు లేదు.

అనువాదకురాలు:
మాస్టారూ, పుట్టుక ఒకటి, వాడుక ఒకటి. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ‘రెండు’తో పాటు ‘ఇన్నీ అని చెప్పని కొద్ది సంఖ్య’ అనే అర్థాన్నీ ఇస్తుంది. పుట్టుకే ప్రమాణమైతే ‘సెవరల్’ అంటే ఇవాళ్టికీ ‘విడివిడి’ అనే చెప్పుకోవాలి. ‘జాయింట్ అండ్ సెవరల్’ (ఉమ్మడిగానూ విడివిడిగానూ) అనే చట్టం మాటలో తప్ప ఆ అర్థం మామూలు వాడుకలో దాదాపు లేదు.

అసలు మన తెలుగులో ఏం చేస్తున్నాం? ‘రెండు మెతుకులు తిని వెళ్ళరా’ అంటే మెతుకులు లెక్కపెట్టి పెట్టం కదా! ‘నీతో రెండు ముక్కలు మాట్లాడాలి’ అన్నవాళ్ళు అరగంట కూర్చుంటారు. అంకె పేరు పెట్టి ‘కొంచెం’ అని చెప్పడం మనకు కొత్తేం కాదు.

కపుల్ బిగువుగా ఉందో వదులుగా ఉందో తేల్చేది దాని వెనక వచ్చే మాట. గుడ్లు, టికెట్లు, కుర్చీలు లాంటివి చేత్తో తీసి ఇచ్చేవి. ‘బ్రింగ్ ఎ కపుల్ ఆఫ్ చైర్స్’ అంటే రెండు తెస్తే సరిపోతుంది. నిమిషాలు, రోజులు, మైళ్ళు అయితే వదులు. ‘ఎ కపుల్ ఆఫ్ మినిట్స్’ అన్నవారు గడియారం చూసి అనరు. ‘ది కపుల్’ అని విడిగా వస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు, ఇద్దరే.

జర్మన్ నేర్పేవాడు:
జర్మన్‌లో ఈ గొడవను రాతలోనే తీర్చేశారు. ‘ఐన్ పార్’లో ‘పార్’ను పెద్దక్షరంతో (Paar) రాస్తే జత, చిన్నక్షరంతో (paar) రాస్తే కొన్ని. పలకడంలో తేడా లేదు. ఇంగ్లీషులో ఆ రెండర్థాలూ ఒకే రాతలో ఇరుక్కున్నాయి.

ప్రూఫ్‌రీడర్:
తెలుగు చేసేటప్పుడు ఎక్కువగా కనిపించే తప్పు ‘ఒకట్రెండు’. ‘ఒకట్రెండు రోజుల్లో’ అన్నాక రేపే వచ్చినా మాట నిలబడినట్టే. కపుల్‌కు కింది హద్దు రెండు, ఒకటి అందులో ఇమడదు. ‘రెండు మూడు’ నయం. అన్నిటికన్నా నప్పేది ‘రెండ్రోజుల్లో’. పలుకుబడి కలిసిపోయిన ఈ రూపంలోనే కాస్త వదులు ఉంది. అదే ‘రెండు రోజుల్లోగా’ అని విడదీసి ‘లోగా’ తగిలిస్తే గడువు అయిపోతుంది. మూలంలో లేని గడువు మనం పెట్టకూడదు.

మందుల వాడకం, ఒప్పందాల దగ్గర మాత్రం ఊహించి రాయొద్దు. ‘ఎ కపుల్ ఆఫ్ టాబ్లెట్స్’ అని ఉంటే ఎన్నో రాసినవారిని అడిగి అంకె వేయాలి. ‘రెండు మూడు మాత్రలు’ అని అచ్చేస్తే మూడోది మింగించింది మనమే.

ఇంగ్లీషు మాస్టారు:
కాలం విషయంలో వదులేనని ఒప్పుకుంటాను. కానీ అయిదారును కపుల్ అంటే ఒప్పుకోను. మూడు దాటిందంటే ‘ఎ ఫ్యూ’.

మన వాళ్ళు చేసే ఇంకో పొరపాటు ‘సిన్స్ కపుల్ ఆఫ్ డేస్’. ‘రెండ్రోజుల నుంచి’లోని ‘నుంచి’ని సిన్స్ చేసేస్తున్నారు. ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. ముందు ‘ఎ’ కూడా ఉండాలి: ‘ఫర్ ఎ కపుల్ ఆఫ్ డేస్’. అమెరికన్ మాటల్లో ‘ఆఫ్’ జారిపోయి ‘ఎ కపుల్ డేస్’ అనీ వినిపిస్తుంది. పరీక్షలో, ఆఫీసు ఉత్తరంలో ‘ఆఫ్’ ఉంచండి.

పత్రలేఖిని:
‘ఎ ఫ్యూ’లో ‘ఎ’ పోతే ఏమవుతుంది?

అనువాదకురాలు:
అర్థమే తిరగబడుతుంది. ‘ఎ ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే కొంతమంది వచ్చారు. ‘ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే పట్టుమని పదిమంది రాలేదు. రెండో వాక్యానికి ‘కొద్దిమంది వచ్చారు’ అని రాస్తే అందులోని లోటు కనబడదు. ‘క్వైట్ ఎ ఫ్యూ’ చూసి ‘చాలా కొద్దిమంది’ అనుకోవద్దు, అది ‘బాగానే వచ్చారు’.

ఇక మీ మెయిల్ సంగతి. బుధవారం గడిచాక గురువారం పొద్దున గుర్తు చేస్తే ఎవరూ నొచ్చుకోరు. అంతకన్నా మేలు, సోమవారం నాడే ‘వుడ్ దట్ బి వెన్స్‌డే?’ అని ఒక్క వరుస తిరిగి రాయడం. రోజు పేరు వచ్చేసిందంటే కపుల్‌తో పనే లేదు.

ప్రూఫ్‌రీడర్:
ఆ వరుసలో ‘బై వెన్స్‌డే’ అంటే బుధవారం కూడా కలిసిందా లేదా అని మళ్ళీ తగువు రాకుండా ‘బై ఫైవ్ పీఎమ్ ఆన్ వెన్స్‌డే’ అని గంట కూడా వేసేయండి.